పొలంలో పగ, పంజరంలో మక్కువ: మెట్ట రాయలసీమలో చిన్న చిలుకల ఎంపిక

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల రైతుకు రామచిలుక రెండు విధాలుగా పరిచయం. పొద్దుతిరుగుడు పువ్వులో గింజ గట్టిపడే వేళ, జొన్న కంకి పాలు పోసుకునే వేళ గుంపులుగా వచ్చి వాలే పక్షి అది. తిన్నదానికన్నా కొరికి పారవేసినది ఎక్కువగా ఉంటుంది. వడిసెల పట్టుకుని మంచె మీద కూర్చున్న రైతు ఆ పక్షిని శత్రువుగానే చూస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చిన అదే రైతు వసారాలో వ్రేలాడే పంజరంలోని రామచిలుకకు పచ్చిమిరపకాయ అందించి ముద్దుగా పలకరిస్తాడు. ఈ రెండు పక్షులూ ఒకే జాతివి. ఒక్కొక్కసారి రెండూ ఒకే చింతచెట్టు తొర్రలో పుట్టినవి కూడా కావచ్చు.

చిలుకను పెంచుకోవాలనుకునే వారు విస్తరణ శాస్త్రవేత్తను అడిగే ప్రశ్న సాధారణంగా మేత గురించో, జబ్బు గురించో ఉంటుంది. అంతకు ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: ఆ ఇంట్లో ఉండదగిన చిలుక ఏది? ఈ ప్రశ్నకు సమాధానం చట్టంతోనూ, పక్షి పుట్టిన దేశంతోనూ, మన ప్రాంతపు ఎండతోనూ ముడిపడి ఉన్నది. పశువైద్యులు ఈ విషయాన్ని కొంత చదువుతారు. వ్యవసాయ విద్యార్థులకు మాత్రం చిలుక అంటే సకశేరుక చీడల పాఠంలో ఒక పేరు మాత్రమే. గ్రామాలలో తిరిగేది ఎక్కువగా వారే కనుక ఈ వ్యాసం వారిని ఉద్దేశించినది.

రామచిలుక ఎందుకు కాదు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రామచిలుక రక్షిత పక్షి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన తరువాత ఇది రెండవ షెడ్యూలులో ఉన్నది. దీనిని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. ఈ చట్టపు సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. మన దేశపు అడవి పక్షుల వ్యాపారంపై నిషేధం 1990-91 నుంచే ఉన్నది. చిలుక జోస్యుని చేతిలోని పక్షికి కూడా ఇందులో మినహాయింపు లేదు.

ఇక్కడ రైతు వెంటనే ఒక మాట అంటాడు: "పంట తినే పక్షిని పట్టుకుంటే తప్పేమిటి?" ఈ వాదనను తేలికగా కొట్టివేయరాదు, ఎందుకంటే అతని నష్టం నిజమైనది. సవరణకు పూర్వం చట్టంలో హానికర జంతువులకు అయిదవ షెడ్యూలు అనే ప్రత్యేక జాబితా ఉండేది. అందులో కాకి, పండ్లు తినే గబ్బిలం, ఎలుక ఉండేవి. పంటకు ఇంత నష్టం చేసినా చిలుక మాత్రం ఆ జాబితాలో లేదు. పొలంలో దానిని బెదరగొట్టవచ్చు. మెరిసే రిబ్బన్లు కట్టడం, పొద్దుతిరుగుడు చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలు వేయడం, మొక్కజొన్నలో గట్టు పక్క వరుసల కండెలను అదే మొక్క ఆకులతో చుట్టడం, ఊరి రైతులందరూ ఒకేసారి విత్తడం వంటి పద్ధతులు అందరికీ తెలిసినవే. గూటిలోని పిల్లను తీయడం వల్ల పంటకు కలిగే మేలు ఏమీ లేదు. పొలంపై దాడి చేసే గుంపు అనేక గ్రామాల నుంచి వస్తుంది. ఒక తొర్ర ఖాళీ అయినంత మాత్రాన ఆ గుంపు తగ్గదు.

పిల్లలను తీసే కాలం ప్రధానంగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు. చింత, వేప, మర్రి తొర్రలలోనూ, పాత కోటగోడల రంధ్రాలలోనూ ఆడపక్షి నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టి, సుమారు మూడు వారాలు పొదుగుతుంది. పిల్లకు ఈకలు వచ్చి ఎగరడానికి మరి ఆరేడు వారాలు పడుతుంది. ఈ మధ్యకాలంలోనే, కళ్లు తెరిచీ తెరవకముందే, పిల్లలను బుట్టలోకి ఎక్కిస్తారు. వాటికి పాలలో నానిన అన్నం పెట్టడం మన ఇళ్లలో సాధారణం. పాలలోని చక్కెరను పక్షి జీర్ణించుకోలేదు. అమ్మకానికి చేరేలోగానే కొన్ని చనిపోతాయి. బ్రతికి ఇల్లు చేరిన ఒక్క చిలుక వెనుక చేరనివి కూడా ఉన్నాయన్న సంగతి కొనేవానికి తెలియదు. మనం చెప్పవలసిన మొదటి మాట అదేనని నా అభిప్రాయం. చట్టం శిక్ష గురించి చెబితే వినని వారు కూడా ఈ మాట వింటారు.

పక్షులు పట్టేవారిని కేవలం నేరస్థులుగా చూడడం కూడా సరికాదు. కడప జిల్లా రెడ్డిపల్లె సమీపంలో 1986 జనవరిలో కలివికోడి మళ్లీ కనిపించిందంటే, అందుకు శాస్త్రవేత్తల శ్రమ ఎంత కారణమో, ఆ పొదలను రాత్రివేళ గాలించగల స్థానిక పక్షి వేటగాళ్ల పరిజ్ఞానం అంతే కారణం. ఆ నేర్పుకు వేరే ఉపాధి చూపడం విస్తరణ పనిలో భాగమే. అది మరొక వ్యాసానికి తగిన విషయం.

పేరులోని గందరగోళం

రామచిలుక కాకపోతే మిగిలినవి విదేశీ జాతులు. తరతరాలుగా పంజరాలలోనే పుట్టి పెరిగిన పక్షులు ఇవి. మన పట్టణాల దుకాణాలలో వీటి పేర్లు తారుమారుగా వాడుకలో ఉన్నాయి. కర్నూలులో గాని, ప్రొద్దుటూరులో గాని "లవ్ బర్డ్స్ కావాలి" అని అడిగితే చాలాసార్లు చూపించేది బడ్జీలను. ఆకుపచ్చ, నీలం, పసుపు, తెలుపు రంగులలో, వీపుపై అలల వంటి నల్లని చారలతో, 30 నుంచి 40 గ్రాముల బరువుండే ఈ పక్షి ఆస్ట్రేలియా లోపలి ఎండుభూములది. ఆంగ్ల పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గౌల్డ్ 1840లో దీనిని సజీవంగా ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. అక్కడి నుంచి ప్రపంచమంతటా వ్యాపించింది. అసలైన లవ్ బర్డ్ ఆఫ్రికా పక్షి. పొట్టి తోక, బలిసిన దేహం, పెద్ద ముక్కు దాని గుర్తులు. మన వ్యాపారులు దానిని "ఆఫ్రికన్ లవ్ బర్డ్" అంటారు.

ఈ తేడా పేరుతోనే ఆగిపోదు. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందమైన సైటిస్ అనుబంధాలలోని విదేశీ జాతులను 2022 సవరణ మన చట్టపు నాలుగవ షెడ్యూలులోకి తెచ్చింది. వాటిని ఉంచుకునేవారు నమోదు చేయించుకోవాలి. దీనికి సంబంధించిన నియమాలు 2024 ఫిబ్రవరి 28న వెలువడ్డాయి. అప్పటికే పక్షులు ఉన్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. తరువాత కొన్నవారు ముప్పై రోజులలోగా పరివేష్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. చిలుకల కుటుంబం దాదాపు మొత్తం సైటిస్ అనుబంధాలలో ఉన్నది. మినహాయింపు పొందిన కొద్ది జాతులలో బడ్జీ, కాకటీల్, గులాబీముఖపు లవ్ బర్డ్ ఉన్నాయి. నారింజ ముఖం, కంటిచుట్టూ తెల్లని వలయం ఉండే ఫిషర్ లవ్ బర్డ్‌కు, నల్లముఖపు లవ్ బర్డ్‌కు, ఇటీవల మోజు పెరిగిన కొన్యూర్లకు మాత్రం నమోదు తప్పనిసరి. కంటిచుట్టూ తెల్లని వలయం ఉన్నదా లేదా అని చూడడం దుకాణంలో నిలబడినవారికి సులువైన పరీక్ష.

నీలం రంగు, పసుపు రంగు రామచిలుకలను "విదేశీ రకం" అని అమ్మడం మరొక తంతు. రంగు మారినంత మాత్రాన జాతి మారదు. అటువంటి పక్షి జోలికి పోవద్దని చెప్పడమే క్షేమం.

మన ప్రాంతంలో మొదటిసారి పెంచేవారికి నేను సూచించేది బడ్జీనే. ఎండుభూమి పక్షి, తక్కువ మేత, చిన్న గొంతు. సక్రమంగా చూసుకుంటే అయిదు నుంచి ఎనిమిదేళ్లు బ్రతుకుతుంది. మాటలు నేర్చే పక్షి కావాలని పట్టుబట్టేవారికి ఒక విషయం చెప్పవచ్చు. కాలిఫోర్నియాలో పక్ అనే మగ బడ్జీ 1994లో మరణించే నాటికి 1,728 పదాలు పలికిందని గిన్నిస్ రికార్డులు నమోదు చేశాయి. అన్ని బడ్జీలూ మాట్లాడవు. మగపక్షిని చిన్నతనంలో తెచ్చి ఓపికతో నేర్పితే కొన్ని మాటలు రావచ్చు. కాకటీల్ 80 నుంచి 100 గ్రాముల బరువు ఉంటుంది. తలపై కుచ్చుతో, ఈల వేసే అలవాటుతో మనిషికి బాగా మాలిమి అవుతుంది. అయితే అది పదిహేను, ఇరవై ఏళ్లు జీవించే పక్షి. పదవ తరగతి పిల్లవాని కోరికపై కొన్న కాకటీల్‌ను, ఆ పిల్లవాడు ఉద్యోగానికి వెళ్లిన తరువాత ఎవరు చూస్తారో ముందుగానే ఆలోచించాలి. లవ్ బర్డ్ పట్టుదల గల పక్షి, గట్టిగా కొరుకుతుంది, బడ్జీలతో ఒకే పంజరంలో ఉంచితే వాటి కాళ్లను గాయపరుస్తుంది. అనుభవం లేనివారికి తగినది కాదు.

దుకాణంలో చూడవలసినవి

పక్షి కన్నా ముందు దుకాణాన్ని చూడాలి. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమాల ప్రకారం ప్రతి దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. నమోదు పత్రం చూపమని అడగడానికి మొహమాటపడనవసరం లేదు. పంజరంలో నీటిగిన్నె అడుగు ఎలా ఉన్నదో చూస్తే మిగిలినదంతా అర్థమవుతుంది.

కాసేపు దూరంగా నిలబడి గమనించాలి. జబ్బు చేసిన పక్షి మనిషి దగ్గరకు రాగానే ఆరోగ్యంగా ఉన్నట్లు నిలబడుతుంది. ఇతర జీవులకు ఆహారమయ్యే పక్షులకు ఇది సహజ రక్షణ. దూరం నుంచి చూసినప్పుడు ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి, పగటిపూట రెండు కాళ్లపై ముడుచుకుని కూర్చున్న పక్షిని కొనరాదు. శ్వాసతో పాటు తోక పైకీ కిందకీ ఊగుతుంటే శ్వాసకోశ వ్యాధిగా అనుమానించాలి. మలద్వారం చుట్టూ ఈకలు అంటుకుని ఉండరాదు. ముక్కు మొదట్లో, కాళ్లపై తేనెపట్టు వంటి తెల్లని పొలుసులు కనిపిస్తే అవి గజ్జి పురుగు వల్ల వచ్చినవి. చికిత్స ఉన్నది గాని, ఆ పంజరంలోని పక్షులన్నింటికీ సోకి ఉండే అవకాశం ఉన్నది.

లేత బడ్జీని గుర్తించడం కష్టం కాదు. నుదుటి చారలు ముక్కు వరకు దిగి ఉంటాయి, కన్ను పూర్తిగా నల్లగా ఉంటుంది. మూడు, నాలుగు నెలలకు నుదుటి చారలు పోతాయి. ఆ తరువాత కంటిలో తెల్లని వలయం ఏర్పడుతుంది. పెద్ద పక్షులలో ముక్కుపై ఉండే మెత్తని పొర మగదానికి నీలంగా, ఆడదానికి లేత గోధుమ రంగులో ఉంటుంది. కొన్ని రంగు రకాలలో ఈ గుర్తు పనిచేయదు.

బడ్జీ గుంపులో బ్రతికే పక్షి. ఒంటరిగా ఉంచితే రోజులో చాలాసేపు మనిషి తోడు అవసరం. అది సాధ్యం కాని ఇంట్లో రెండింటిని పెంచాలి. జంటను పెంచేవారు పంజరంలో చిన్న మట్టికుండ కట్టడం మన వాడుక. కుండ ఉంటే గుడ్లు వస్తాయి. ఒక్కొక్క ఈతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు, 18 రోజులలో పొదుగుడు. ఏడాది తిరిగేసరికి ఇల్లంతా బడ్జీలే. పిల్లలు అవసరం లేనివారు కుండ తీసివేయాలి. ఎవరూ చెప్పని చిన్న విషయం ఇది.

పంజరం ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, ఎందుకంటే పక్షి అడ్డంగా ఎగురుతుంది. ఒక జంటకు కనీసం రెండున్నర అడుగుల పొడవు కావాలి. రెక్క విప్పడానికి వీలులేని పంజరంలో ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం కూడా తప్పే. కూర్చునేందుకు నున్నటి ప్లాస్టిక్ కడ్డీల బదులు లావు, సన్నం కలిసిన వేప, జామ కొమ్మలు కడితే పాదాలకు పుండ్లు పడవు. కొత్త జింకు పూత వల అయితే పక్షి కొరికే ముందు దానిని రుద్ది కడిగి, కొంతకాలం ఎండలో ఉంచాలి.

మన కొర్రలే దాని మేత

మేత విషయంలో కర్నూలు, నంద్యాల ప్రాంతాల వారు అదృష్టవంతులు. ప్రపంచమంతటా బడ్జీలకు పెట్టే ప్రధాన ఆహారాలలో కొర్ర ఒకటి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది, రేనాడు వంటి కొర్ర రకాలను ఇచ్చింది. విదేశాలలో పెంపుడు పక్షుల కోసం ఎండబెట్టి ఖరీదుగా అమ్మే కొర్ర వెన్ను మన పొలంలో కోతనాడు ఊరికే దొరుకుతుంది. పొట్టు తీయని గింజ ఇవ్వాలి. ఒక్కొక్క పక్షి రోజుకు 6 నుంచి 8 గ్రాములు తింటుంది. అంటే ఒక జంటకు ఏడాదికి ఆరు కిలోలకు అటు ఇటుగా సరిపోతుంది. సామ, వరిగ కలిపితే మంచిది.

పక్షి గింజ ఒలిచి, పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. పైకి గిన్నె నిండుగా కనిపిస్తుంది. మేత ఉన్నదనుకుని యజమాని ఊరుకుంటే పక్షి ఆకలితో చనిపోతుంది. రోజూ ఉదయం పొట్టు ఊది చూడడం తప్పనిసరి అలవాటు కావాలి.

పొద్దుతిరుగుడు గింజలను చిలుకలు ఇష్టంగా తింటాయి. పొలంలో చూస్తూనే ఉన్నాం. కాని గింజలో నూనె 35 నుంచి 40 శాతం ఉంటుంది, కొర్రలో కొవ్వు సుమారు నాలుగు శాతమే. రోజంతా ఎగిరే అడవి పక్షికి సరిపోయిన ఆ నూనె, పంజరంలో కూర్చున్న పక్షికి కాలేయంలో కొవ్వుగా పేరుకుంటుంది. బహుమతిగా ఒకటి రెండు గింజలు చాలు. వేరుశనగ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బెట్టకు గురైన మన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ సమస్య తెలిసినదే. మనం ఏరి పారవేసిన ముడుత గింజలు, బూజు పట్టినవి "పక్షికి వేద్దాం" అని పక్కన పెట్టే అలవాటు పల్లెలలో ఉన్నది. పక్షి కాలేయం ఆ విషానికి మన కాలేయం కన్నా త్వరగా లొంగిపోతుంది.

గింజలు మాత్రమే తినే పక్షికి విటమిన్ ఎ లోపం వస్తుంది. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము అందుకు విరుగుడు. మందు కొట్టిన చేను నుంచి ఆకు కోయరాదు, ఏ ఆకునైనా బాగా కడిగి పెట్టాలి. సున్నం కోసం సముద్రపు నురుగు ముక్కను పంజరానికి కట్టాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ పెట్టరాదు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ చిన్న పక్షులను నిమిషాలలో చంపగలదు కనుక పంజరం వంటింట్లో ఉండరాదు.

మే నెల పరీక్ష

ఎండుభూమి పక్షి కనుక బడ్జీ మన ఎండను తట్టుకుంటుందని నమ్మడం ప్రమాదకరం. 2009 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో వడగాలులకు వేలాది పక్షులు రాలిపోయాయి. వాటిలో అధికభాగం జీబ్రా ఫించ్‌లు, బడ్జీలే. సొంత నేలపై, స్వేచ్ఛగా నీడ వెతుక్కోగల పక్షులకే ఆ గతి పట్టింది. పంజరంలోని పక్షి నీడ వెతుక్కోలేదు. కర్నూలు, కడపలలో మే నెలలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం అరుదు కాదు. రేకుల కప్పు కింద అది ఇంకా ఎక్కువ.

ఇంటి కప్పును బట్టి సలహా మారాలి. పాతకాలపు మట్టిమిద్దె చల్లగా ఉంటుంది, అందులో లోపలి గోడ పక్కన పంజరం ఉంచితే చాలు. బండల మిద్దె పగలు వేడిని పీల్చి రాత్రి వదులుతుంది. సాయంత్రం చల్లబడిందని యజమాని ఆరుబయట పడుకుంటాడు, పక్షి లోపల ఉడుకుతూ ఉంటుంది. ఆ ఇంట్లో రాత్రివేళ పంజరాన్ని వసారాలోకి మార్చాలి, పిల్లి అందుకోకుండా చూసుకోవాలి. రేకుల ఇంట్లో కప్పుపై జొన్నసొప్ప పరచి నీరు చల్లడం కొంత మేలు. తడిపిన గోనెపట్టను పంజరానికి ఒకవైపే కట్టాలి, నాలుగు వైపులా కడితే గాలి ఆడదు. మన పొడిగాలిలో కూలర్ బాగా పనిచేస్తుంది గాని, గాలి నేరుగా పక్షిపైకి రాకూడదు. నీరు మట్టిమూకుడులో, పగలు రెండు మూడుసార్లు మార్చి పెట్టాలి. వెడల్పయిన మూకుడు అయితే పక్షి స్నానం కూడా చేస్తుంది.

రెక్కలు దేహానికి దూరంగా పట్టుకుని, నోరు తెరిచి రొప్పుతున్న పక్షి వడదెబ్బకు దగ్గరలో ఉన్నట్లు. వెంటనే నీడకు మార్చి, కాళ్లు, రెక్కల కింద సాధారణ నీటితో తడపాలి. మంచునీటిలో ముంచరాదు. ఈ కారణంగానే పక్షిని వేసవిలో కొనవద్దని, అక్టోబరు, నవంబరు నెలలలో కొనమని చెప్పాలి. కొత్త చోటికి అలవాటు పడేందుకు దానికి అయిదారు నెలలు దొరుకుతాయి. ఏప్రిల్‌లో ఎవరైనా పచ్చని పిల్లచిలుకను చవకగా ఇస్తామంటే, అది తొర్ర నుంచి తీసినదని అనుమానించవచ్చు.

వ్యాధులు, ఇప్పటికే ఇంట్లో ఉన్న రామచిలుకలు

చిలుకల నుంచి మనిషికి సోకే వ్యాధులలో ముఖ్యమైనది సిట్టకోసిస్. ఎండిన రెట్ట ధూళి ద్వారా సోకుతుంది. జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు లక్షణాలు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. పక్షులు పెంచే ఇంట్లో దగ్గు, జ్వరం వస్తే ఆ సంగతి వైద్యునికి చెప్పాలని తెలియజేయాలి. రెట్టను పొడిగా ఊడ్చక, తడిపి తీయాలి. కొత్త పక్షిని కనీసం నెల రోజులు పాత పక్షులకు దూరంగా వేరే గదిలో ఉంచాలి.

చివరగా అన్నింటికన్నా ఇబ్బందికరమైన ప్రశ్న. ఇంట్లో పదేళ్లుగా ఉన్న రామచిలుకను ఏమి చేయాలి? చట్టం తెలిసిన వెంటనే భయపడి పంజరం తలుపు తీసి వదిలేయడం చాలామంది చేసే పని. రెక్క కత్తిరించిన, మేత వెతకడం ఎరుగని, మనిషిని చూసి బెదరని పక్షి కాకులకో, పిల్లులకో ఒకటి రెండు రోజులలో దొరికిపోతుంది. బడ్జీలను వదిలినా అదే జరుగుతుంది. అరుదుగా బ్రతికి నిలిచినప్పుడు వేరే సమస్య మొదలవుతుంది. పంజరాల నుంచి తప్పించుకున్న మన రామచిలుకలే నేడు లండన్, ఆమ్‌స్టర్‌డామ్ నగరాలలో వేల సంఖ్యలో గుంపులు కట్టి, అక్కడి తొర్ర పక్షుల గూళ్లకు పోటీగా మారాయి.

కనుక ఇంట్లో ఉన్న రామచిలుకను అటవీశాఖకు అప్పగించడమే మార్గం. సమీప అటవీ క్షేత్రాధికారి కార్యాలయానికి ముందుగా తెలిపి, పక్షి వయసు, ఎంతకాలంగా ఉన్నది, ఏమి తింటున్నది, ఎగరగలదా లేదా అనే వివరాలు ఒక కాగితంపై వ్రాసి పక్షితో పాటు ఇవ్వాలి. తిరిగి ఎగరగలిగిన పక్షికి శిక్షణ ఇచ్చి వదలడానికి, ఎగరలేని దానిని సంరక్షణలో ఉంచడానికి ఆ వివరాలే ఆధారం. బనవాసి, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల వంటి చోట్ల పనిచేసేవారు, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల విద్యార్థులు ఈ కాగితం వ్రాయడంలో రైతుకు సహాయపడవచ్చు. పక్షిని తీసుకువెళ్లేటప్పుడు పంజరంపై పలుచని గుడ్డ కప్పి, తెల్లవారుజామునే బయలుదేరాలి.